ఐదో భాగం దగ్గర ఆగిన గీత

ఈ వారం ఉత్తరం గుంటూరు వైపు ఒక పట్టణం నుంచి వచ్చింది. రాసినాయన పోస్టాఫీసులో 34 ఏళ్లు పనిచేసి, సబ్ పోస్టుమాస్టరుగా రిటైరై రెండేళ్లయింది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. నాలుగు ఠావుల ఉత్తరం, గుండ్రటి చేతిరాత, చివర పిన్‌కోడ్‌తో సహా పూర్తి అడ్రసు. పిన్‌కోడ్ రాసే పాఠకులు ఈ మధ్య కరువయ్యారు.

ఇంట్లో నలుగురు. ఆయన, ఆయన భార్య, విజయవాడలో ఉద్యోగం చేసే కొడుకు, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే కోడలు. కొడుకు ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, తిన్నాక పది నిమిషాలు కూడా కళ్లు తెరిచి ఉండలేడు. భార్య తన సీరియళ్లు ముగించుకుని పెందలాడే పడుకుంటుంది. ఏడాది కిందట ఒక రాత్రి కోడలు హాల్లో ఒక్కతే 'దూత' అనే వెబ్ సిరీస్ చూస్తుంటే, మంచినీళ్ల కోసం లేచిన ఈయన కాసేపు నిలబడి చూశారు, తర్వాత కుర్చీ అంచున కూర్చున్నారు, లేచేసరికి పన్నెండున్నర. మర్నాడు కోడలే అడిగింది: "మామయ్యగారూ, తర్వాతది పెట్టనా?"

అప్పట్నుంచి అది వాళ్లిద్దరి వ్యవహారమైపోయింది. తొమ్మిదిన్నరకి హాలు, ఒక గిన్నెలో వేయించిన పల్లీలు, రిమోట్ ఆమె చేతిలో, అభిప్రాయాలు ఈయన నోట్లో. "ఈ మామాకోడళ్లకి శవం లేందే ముద్ద దిగదు" అని భార్య విసుక్కునేదట.

ఉత్తరంలో ఒక పేజీ పైగా ఆ అభిప్రాయాలే ఉన్నాయి. 'దూత'లో పాత పేపరు ముక్క మీద రాబోయే చావు కనబడటం దాకా బాగుంది కానీ, ఎనిమిది భాగాలూ ఆ వానేమిటి, గొడుగుల కంపెనీ వాళ్లు తీశారా అన్నారు. 'సుడల్'లో ఎనిమిది మందిని అనుమానించి ఎనిమిది సార్లూ కోడలి దగ్గర పందెం ఓడిపోయారు. 'ఢిల్లీ క్రైమ్' మొదటి సీజన్ రెండు రాత్రుల్లో చూసి మూడో రాత్రి నిద్రపోలేదు. అన్నిటికంటే నచ్చింది 'కేరళ క్రైమ్ ఫైల్స్'. అందులో లాడ్జిలో ఒక హత్య జరుగుతుంది, పోలీసుల చేతికి దొరికేది రిజిస్టర్లో రాసిన ఒక్క అడ్రసు: షిజు, పారయిల్ వీడు, నీండకర. అక్కడ కోడలు టీవీ ఆపి, "మామయ్యగారూ, మీరైతే ఎలా పట్టుకుంటారు?" అని అడిగింది. ఈయన ఇరవై నిమిషాలు చెప్పారు. ఇంటిపేరే ఉండి డోర్ నంబరు లేని కవరు వస్తే ఏ బీట్ పోస్టుమ్యాన్‌ని అడగాలో, ఆయన టీ కొట్టు దగ్గర ఎవర్ని అడుగుతాడో, మూడు వీధులు తిరిగి ఆ కవరు ఎలా చేరుతుందో అంతా. "34 ఏళ్ల సర్వీసులో నా పని గురించి మా ఇంట్లో ఎవరూ అన్ని ప్రశ్నలు వేయలేదు" అని రాశారు.

ఆ తర్వాత 'దహాడ్' మొదలుపెట్టారు. ఐదో భాగం నడుస్తోంది. తెర మీద ఒక చనిపోయిన అమ్మాయి ఫోటో. ఈయన పల్లీలు నములుతూ అన్నారట: "ఇంట్లో చెప్పకుండా గడప దాటితే ఇంకేమవుతుంది? కన్నవాళ్లని కాదనుకుని పోయాక వాళ్లెందుకు వెతుకుతారు?"

కోడలు టీవీ ఆపింది. గిన్నె తీసుకెళ్లి సింకులో పెట్టింది. "నిద్రొస్తోంది మామయ్యగారూ" అని లోపలికి వెళ్లింది.

ఆమె నాలుగేళ్ల కిందట ఇంట్లో చెప్పకుండా వచ్చి ఈయన కొడుకును పెళ్లి చేసుకున్న అమ్మాయి. కులాలు వేరు. వాళ్ల నాన్న ఇప్పటికీ మాట్లాడడు. పెళ్లి దగ్గరుండి చేసింది ఈయనే, సంతకం పెట్టిందీ ఈయనే. ఆ సంగతి ఆ క్షణంలో తట్టనే లేదంటారు.

మూడు వారాలైంది. మాటలు ఆగలేదు. కాఫీ ఇస్తుంది, బీపీ మాత్ర గుర్తుచేస్తుంది. హాల్లోకి మాత్రం రాదు. గదిలో ఫోన్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకేవో సిరీస్‌లు చూస్తోంది. టీవీ పెడితే సగం చూసినవాటి వరుసలో అవన్నీ కనబడుతున్నాయి. 'దహాడ్' ఐదో భాగం కింద, ఎంతవరకు చూశారో చూపించే గీత మాత్రం ఆ రాత్రి ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది.

ఆయన అడిగినవి ఇవి. క్షమాపణ అడిగితే ఆమె గురించే అన్నానని ఒప్పుకున్నట్టు కాదా? "వదిలేయండి నాన్నా, అదే సర్దుకుంటుంది" అంటున్న కొడుకు మాట వినాలా? ఈ సిరీస్‌లే మానేయాలా, లేక అభిప్రాయాలు చెప్పడం మానేయాలా? చివర్లో, చిన్నగా: వాళ్ల నాన్నకు నేనే ఫోన్ చేసి మాట్లాడితే ఎలా ఉంటుంది?

పోస్టుమాస్టరు గారూ,

మీ వాదన దగ్గరే మొదలుపెడతాను. "నేను కథ గురించి అన్నాను, అమ్మాయి గురించి కాదు" అంటున్నారు. సగం ఒప్పుకుంటాను. 'దూత'లో వాన ఎక్కువైందంటే ఎవరి మనసూ నొచ్చుకోలేదు. 'సుడల్'లో మీ అనుమానాలు తప్పితే ఇద్దరూ నవ్వుకున్నారు. అవన్నీ కథ అల్లిన తీరు గురించిన మాటలు. ఆ రాత్రి మీరన్నది అలాంటిది కాదు. చెప్పకుండా ఇల్లు విడిచిన ఆడపిల్లని ఏం చేయాలో, ఎవరు వెతకక్కర్లేదో చెప్పే మాట అది. దానికి తెర అక్కర్లేదు, టీవీ కట్టేసినా అలాగే నిలబడుతుంది. ఆ పని చేసిన మనిషి ఆ హాల్లో ఒక్కరే ఉన్నారు, మీకు రెండడుగుల దూరంలో.

పైగా అది వేరే ఏ సిరీస్ నడుస్తున్నప్పుడో అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. 'దహాడ్' మొత్తం నిలబడిందే ఆ వాక్యం మీద.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. పెద్ద రహస్యమేమీ బయటపెట్టడం లేదు, హంతకుడెవరో ఆ సిరీస్ మొదట్లోనే చూపించేస్తుంది. రాజస్థాన్‌లోని మండావా. పబ్లిక్ టాయిలెట్లలో పెళ్లి బట్టల్లో ఆడవాళ్ల శవాలు దొరుకుతుంటాయి. లోపల గడియ వేసి ఉంటుంది కాబట్టి ఆత్మహత్య అని రాసి ఫైలు మూసేస్తుంటారు. ఒక్కో ఊళ్లో ఒక్కొక్కటి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసేది ఎస్సై అంజలి భాటి, అంటే సోనాక్షి సిన్హా. లెక్క 29కి వెళ్తుంది. అంతవరకు ఎవరూ ఎందుకు చూడలేదంటే, వాళ్లంతా 'లేచిపోయిన' అమ్మాయిలు. ఇంటివాళ్లు పరువు పోయిందని నోరు మూసుకున్నారు, లేదా కట్నం బరువు తప్పింది, ఎక్కడో కాపురం చేసుకుంటోందిలే అనుకున్నారు. ఇష్టపడి వెళ్లిన పిల్లని వెతకడానికి స్టేషన్లో ఎవరికి తీరిక?

మొదటి భాగంలో ఆ అన్న గుర్తున్నాడా? చెల్లెలు కనబడటం లేదని స్టేషన్ చుట్టూ తిరుగుతాడు, పట్టించుకోరు. అదే ఊళ్లో ఠాకూర్ల అమ్మాయి ఒక ముస్లిం అబ్బాయితో వెళ్లిపోయిందంటే అందరూ పరుగులు పెడతారు. అది చూసి ఆ అన్న కూడా నా చెల్లెలూ ముస్లిం అబ్బాయితోనే వెళ్లిందని అబద్ధం చెప్తాడు. ఆ అబద్ధం చెబితే తప్ప చెల్లెల్ని వెతికేవాళ్లు లేరు. నా మటుకు నాకు ఎనిమిది భాగాల్లో దానికి మించిన సీను లేదు. మధ్యలో కథ సాగదీశారు, హంతకుడు ఎందుకలా తయారయ్యాడో చెప్పిన తీరు నాకు అంతగా ఎక్కలేదు. అయినా ఆ ఒక్క సీను కోసం మిగతాదంతా భరించాను.

ఆ హంతకుడు చంపడానికి వాడే సైనైడ్ కంటే ఎక్కువగా నమ్ముకున్నది, చెప్పకుండా వెళ్లిన పిల్లని ఎవరూ వెతకరన్న మాటనే. మీ కోడలు ఆ మాటని రకరకాల మనుషుల నోట ఐదు భాగాల పాటు తెర మీద విన్నది. చివరికి పక్క కుర్చీలోంచి విన్నది, అదీ తన పెళ్లికి సాక్షి సంతకం పెట్టిన మనిషి నోట. వాళ్ల నాన్న కూడా ఇలాంటి మాటే ఏదో ఒకటి అనే ఉంటాడని నా ఊహ. ఊహే, మీరు రాయలేదు.

ఇంకో సంగతి. 'కేరళ క్రైమ్ ఫైల్స్'లో హత్యకు గురైన స్వప్న ఒళ్లమ్ముకుని బతికే మనిషి. మీ ఉత్తరంలో ఆ సిరీస్ గురించి ఇరవై లైన్లున్నాయి, 'అలాంటి పని చేస్తే అంతే మరి' అన్న లైను ఒక్కటీ లేదు. మీరలా ఎందుకు అనలేదు? ఆ కథ మిమ్మల్ని వెతికేవాళ్ల జీపెక్కించింది. తప్పుడు అడ్రసు వెంట ఊరూరా తిప్పింది. ఒక మనిషిని వెతకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు కాబట్టి, చచ్చిపోయింది ఎలాంటి మనిషి అన్న ప్రశ్నే మీకు రాలేదు. 'దహాడ్'లో అంజలి వెతుకుతూనే ఉంది, మీరు మాత్రం ఆ రాత్రి వెతకనివాళ్ల పక్కన కూర్చున్నారు. అదే కుర్చీ, అవే పల్లీలు, మీరూ మారలేదు.

మీ పాత ఉద్యోగంలో ఒక మాట ఉండేది కదా. మనిషి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే కవరు మీద 'లెఫ్ట్ వితౌట్ ఇన్‌స్ట్రక్షన్స్' అని రాసి వెనక్కి పంపేవారు. మా ఇంటికీ ఒకసారి అలా తిరిగొచ్చింది, నా స్నేహితురాలికి రాసిన పెళ్లి శుభలేఖ. ఆ రాతలో కోపం లేదు, తీర్పు లేదు. చెప్పకుండా వెళ్లారు, మాకు తెలిసినంతవరకు ఇదీ, అంతే. 34 ఏళ్లు అలాంటి రాతల మధ్య పనిచేసినవారు హాల్లో కూర్చుని దానికి ఇంకో వాక్యం తగిలించారు.

మీరు చెడ్డవారని ఇదంతా రాయడం లేదు. మీ మూడో పేజీలో ఒక సంగతి అలా అలవోకగా రాసేశారు, నాకు అక్కడే మీ మాటకి మూలం కనబడింది. కోడలు నెలకోసారి హైదరాబాద్ ఆఫీసుకి వెళ్తే బస్సెక్కినప్పట్నుంచీ లైవ్ లొకేషన్ పెట్టమంటున్నారు, క్యాబ్ నంబరు ఫోటో పంపమంటున్నారు. ఏడాది కిందట అలా అడిగేవారు కాదట. ఈ ఏడాదిలో మీరు చూసిన శవాలెన్నో ఒకసారి లెక్కపెట్టుకోండి. జార్జ్ గెర్బ్‌నర్ అనే పరిశోధకుడు 1970ల్లోనే అమెరికాలో ఈ మాటన్నారు: టీవీ ఎక్కువగా చూసేవాళ్లకి లోకం ఉన్నదానికంటే క్రూరంగా, మనుషులు నమ్మరానివాళ్లుగా కనబడతారని. అది ఎంతవరకు నిజమన్న వాదన తర్వాత చాలా నడిచింది. కానీ రాత్రి పదకొండుకి 'ఢిల్లీ క్రైమ్' చూసి లేచి వీధి తలుపు గడియ రెండోసారి చూసుకున్నవాళ్లకి ఆ వాదనతో పనిలేదు. నేనూ చూసుకున్నాను.

మన ఇళ్లలో పెద్దవాళ్ల భయం భయంలా బయటికి రాదు. 'నాకు భయంగా ఉందమ్మా' అనడం మనకి చేతకాదు. 'ఒంటరిగా ఎందుకెళ్లావు', 'అర్ధరాత్రి ఏం పని' అని కేకల్లా వస్తుంది. మీ మాట వెనక కూడా ఆ ఫోటోలో పిల్లని చూసి కలిగిన బాధే ఉందని నమ్ముతున్నాను. అయితే మీ మనసులో ఏముందో మీ కోడలు చూడలేదు, ఆమెకు వినబడింది మాటే.

ఆమె వైపు కూడా ఒకటుంది. మూడు వారాలు నోరు విప్పకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం నాకూ నచ్చలేదు. నచ్చకపోయినా అర్థమైంది. 'మీరన్నది నాకు బాధగా ఉంది' అని కొడుకు అనగలడు, కూతురు అనగలదు. పుట్టింటి తలుపు మూసుకుపోయి మీ ఇల్లొక్కటే ఉన్న కోడలు అంత తేలిగ్గా అనలేదు. ఆ మాట అన్నాక మీ ముఖం ఎలా మారుతుందో ఆమెకు తెలియదు. గిన్నె సింకులో పెట్టి 'నిద్రొస్తోంది' అనడం కంటే గట్టిగా చెప్పే వీలు ఆమెకి ఆ ఇంట్లో ఉందో లేదో మీరే ఆలోచించండి.

ఇప్పుడేం చేయొచ్చు?

మీ అబ్బాయి చెప్పినట్టు వదిలేయొచ్చు. సర్దుకుంటుంది కూడా, అబద్ధం కాదు. ఇంకో నెలకి ఆమె హాల్లోకి వస్తుంది, మీరు పేపరు చదువుకుంటారు, 'కరెంటు బిల్లు వచ్చింది మామయ్యగారూ', 'చూస్తానమ్మా' దగ్గర జీవితం కుదురుకుంటుంది. సగం ఇళ్లలో మామాకోడళ్లు మాట్లాడుకునేది అంతేగా! ఆ బిల్లు మాటల స్థాయి మీకు చాలనుకుంటే ఈ దారిలో ఏ ఇబ్బందీ లేదు. కానీ మీరు నాలుగు ఠావులు రాశారు. చాలదనే కదా.

రెండోది, పిలిచి వివరించడం. 'నీ గురించి అనలేదమ్మా, సీరియల్లో పిల్ల గురించి అన్నాను' అని. మీకు ఇదే చేయాలని ఉన్నట్టుంది. దీంతో ఒక చిక్కుంది. ఆ వివరణ ఇచ్చాక తప్పుగా అర్థం చేసుకున్నది ఆమె అవుతుంది. 'అయ్యో, అదేం లేదు మామయ్యగారూ' అని ఆమె నవ్వుతుంది, మీకు తేలికవుతుంది, బరువు ఆమె వైపు మారుతుంది. ఇంకోటి, ఆమె తెలివైన పిల్ల. 'మరి నాకూ ఆ పిల్లకీ తేడా ఏమిటి?' అని లోపల అనుకుంటుంది. దానికి మీ దగ్గర జవాబుందా? ఆ పిల్లని మోసం చేశారు, నిన్ను చేయలేదు అంటారా? తేడా వాళ్లు ఎంచుకున్న మగవాళ్లలోనే ఉంటే, మీ మాట ఆ మగవాడి మీద పడాలి కదా, గడప దాటిన పిల్ల మీద ఎందుకు పడింది?

మూడోది, మాట తప్పని ఒప్పుకోవడం. క్షమాపణ చెబితే 'నీ గురించే అన్నాను' అని ఒప్పుకున్నట్టవుతుందని మీ భయం. అక్కర్లేదు. ఎవరి గురించి అన్నారన్న గొడవలోకే వెళ్లకండి. 'ఆ రోజు నేనన్న మాట బాగాలేదమ్మా. ఎవరి గురించైనా అలా అనకూడదు. అన్నాక నాకే బాగా అనిపించలేదు.' ఇంతే. 'కానీ' అన్న మాట తర్వాత ఇంకేం చేర్చినా మళ్లీ రెండో దారిలోకి వెళ్లిపోతారు. భార్య, కొడుకు ముందు వద్దు, ఆమె అందరి ముందూ క్షమించాల్సి వస్తుంది. టీవీ నడుస్తుండగానూ వద్దు. ఉదయం ఆమె లాగిన్ అవ్వకముందు, పెరట్లో బట్టలు ఆరేస్తున్నప్పుడో, కరివేపాకు కోస్తున్నప్పుడో, చేతికి పనుండి కళ్లలోకి చూడక్కర్లేని వేళ మంచిది. ఆమె 'సరే మామయ్యగారూ' అని ఊరుకోవచ్చు. ఏడవొచ్చు. వాళ్ల నాన్న గురించి ఏదో ఒకటి చెప్పొచ్చు. చెబితే వినండి, సలహా ఇవ్వకండి. ఏమీ కాకుండా ఇంకో రెండు వారాలు హాలు ఖాళీగానే ఉండొచ్చు కూడా. అందుకు సిద్ధపడితేనే వెళ్లండి. చెప్పేశాను కదా, ఇంకా రాదేం అని ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ ఎదురుచూపు ఆమెకి తెలిసిపోతుంది.

నోటితో చెప్పలేనంటే ఉత్తరం రాయొచ్చు. మీకది చేతనైన పని. నాలుగు ఠావులు మాత్రం వద్దు, నాలుగు లైన్లు చాలు. కాగితం మీద రాసింది మిగిలిపోతుంది, అది బలమే, బరువు కూడా. చేత్తో రాసిన ఉత్తరానికి జవాబు రాయాలేమో అని ఆమె ఇబ్బంది పడొచ్చు. అందుకే నేనైతే నోటి మాటకే ఓటేస్తాను. అక్షరాలే తేలికనిపిస్తే అది మీ ఇష్టం.

నాలుగోది, ఏమీ మాట్లాడకుండా కొత్త సిరీస్ పిలుపు. 'కేరళ క్రైమ్ ఫైల్స్' రెండో సీజన్ 2025లో వచ్చింది, అందులో వెతకాల్సింది కనబడకుండా పోయిన ఒక పోలీసుని. 'అమ్మా, అది చూద్దామా?' అని అడగొచ్చు. మాటలు రాని మనుషులకి ఇది పాత పద్ధతి, తీసిపారేయక్కర్లేదు. ఆమె వచ్చి కూర్చుంటుంది కూడా. కాకపోతే తెర మీద ఆడపిల్ల శవం కనబడిన ప్రతిసారీ మీరేమంటారో అని ఆమె, అన్నది ఎలా వినబడుతుందో అని మీరు, ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. థ్రిల్లర్‌కి అంత టెన్షన్ అవసరం లేదు. మూడో దారిలో వెళ్లి ఆ తర్వాత ఇది చేస్తే లెక్క వేరు.

ఫోన్ సంగతి. వాళ్ల నాన్నకి మీరే ఫోన్ చేస్తానన్నారు. నాలుగు ఠావుల్లో నన్ను కలవరపెట్టింది అదొక్కటే. దయచేసి ఆమెని అడక్కుండా చేయకండి. చిన్న మాటకి చిన్న క్షమాపణ చెప్పడం ఇబ్బందిగా ఉన్నప్పుడు, మనసు పెద్ద పని ఏదైనా చేసి ఋణం తీర్చుకోవాలనుకుంటుంది. ఆ ఫోన్ ఎటు తిరుగుతుందో చూడండి. ఆయన అవతల్నుంచి ఆమెని ఏదైనా అంటే, ఆ మాట మోసుకొచ్చేది మీరు. పెట్టేస్తే, నాలుగేళ్ల గాయం మళ్లీ రేగుతుంది. ఒకవేళ మెత్తబడి మాట్లాడితే, 'నా నాన్నతో నా గురించి నాకు తెలియకుండా మాట్లాడారా' అన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. నాలుగేళ్లలో ఆమె ఫోన్ చేసిందో లేదో, చేస్తే ఏమైందో మీకు తెలుసా? ఉత్తరంలో లేదు. ఎప్పుడైనా ఆమే ఆ మాటెత్తితే, 'నేనేమైనా చేయాలా?' అని అడగండి. వద్దంటే వద్దు.

అభిప్రాయాలు మానేయాలా అన్నారు. ఎందుకు? నోరు మూసుకుని కూర్చునే మామగారితో సిరీస్ చూడటం కంటే ఒంటరిగా చూడటమే నయం. మీ ఎనిమిది తప్పుడు అనుమానాలు, గొడుగుల కంపెనీ, ఇవి లేకపోతే ఆ హాల్లో ఆమెకి మిగిలేది పల్లీలే. చచ్చిపోయిన మనిషి ఏం చేయకుండా ఉండాల్సింది అని నోటి దాకా వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేయలేదో చూడండి. మర్యాద కోసం చెప్పడం లేదు. ఈ కథల్లో మంచి సరుకంతా అక్కడే ఉంటుంది. 'అడోలసెన్స్' చూశారా? నాలుగే భాగాలు, ఒక్కో భాగం మధ్యలో కట్ లేకుండా ఒకే షాట్‌లో తీశారు. పదమూడేళ్ల పిల్లాడు తోటి విద్యార్థినిని చంపిన కేసు. చేశాడా లేదా అన్నది మొదటి భాగంతోనే తేలిపోతుంది, మిగతా మూడు భాగాలూ చుట్టూ ఉన్నవాళ్ల గురించే. అందులో ఒక పోలీసామె విసుగ్గా అంటుంది, అందరూ పిల్లాడినే గుర్తుపెట్టుకుంటారు, ఆ అమ్మాయి ఎవరికీ గుర్తుండదని. ఆ సిరీస్‌కే తగిలే మాట అది, నిజంగానే మనకి ఆ అమ్మాయి గురించి పెద్దగా తెలియనివ్వరు. వీలైతే ఒక మధ్యాహ్నం ఒంటరిగా చూడండి. తండ్రుల కథ అది, రాత్రి చూస్తే నిద్ర పట్టదు.

అన్నట్టు, మీ ఆవిడ విసుగులోనూ న్యాయముంది. రాత్రికి ఒక్క భాగమే చాలు. ఒకటి అయిపోగానే తర్వాతది దానంతటదే మొదలవకుండా సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. ఎలాగో మీ కోడలికి తెలుసు. లైవ్ లొకేషన్ విషయం కూడా ఆమెనే అడగండి, నీకు ఇబ్బందిగా ఉందా అని. బస్సు దిగాక ఒక మెసేజ్ చాలంటే దాంతో సరిపెట్టుకోండి.

ఇక ఆ గీత. మిగతా సిరీస్‌లన్నీ ఫోన్లో చూస్తున్న పిల్ల దీన్ని మాత్రం ముట్టుకోలేదు. అది చూడలేక వదిలేసిందో, మీతో చూద్దామని ఆపిందో నేనిక్కడ కూర్చుని చెప్పలేను. మీరు మాత్రం ఒంటరిగా పెట్టుకుని పూర్తిచేయకండి. గీత కదిలిందంటే ఆమెకు తెలిసిపోతుంది. ఎనిమిదో భాగంలో అంజలి తన పేరు విషయంలో ఒక పని చేస్తుంది, దాని మీద మీ అభిప్రాయం ఏమిటో నాకూ వినాలనుంది, చూశాక ఒక కార్డు ముక్క రాయండి.

ఏదో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి ఆమె వచ్చి రిమోట్ తీసుకుని "పెట్టనా?" అంటే, ఆ రోజు పల్లీలు మీరు వేయించండి. మంట తగ్గించి, కదుపుతూ ఉండండి, ఊరికే మాడిపోతాయి.